‘తీయి’ అనే బటన్

మైత్రీవనం కోచింగ్ సెంటర్లలో కోర్సు ముగించుకుని కంప్యూటర్ సపోర్టు ఉద్యోగాల్లో చేరబోయే పిల్లలు కొందరు మధురానగర్‌లో మా ఇంటికి వస్తుంటారు. "ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు మేడం?" అంటారు. నాకు తెలియదు. నన్ను చేర్చుకున్నప్పుడు ఒకటే అడిగారు, "ప్రింటర్ బాగుచేయడం వచ్చా?" అని. వచ్చన్నాను. పంజాగుట్టలోని ఆ స్కానింగ్ సెంటర్‌లో ప్రతి కంప్యూటరూ, వాటి మధ్య నడిచే ప్రతి తీగా నా చేతుల మీదుగానే వెళ్లాయి. అయినా రిటైరయ్యే రోజు వరకూ సగంమందికి నేను ప్రింటర్ మేడమే.

నేను మర్చిపోయే మనిషిని కాను. నా కుర్చీ చెయ్యి విరిగితే దానికి టేపు చుట్టి అదే కుర్చీ తిరిగిచ్చినవాళ్లు గుర్తున్నారు. వీడ్కోలు రోజున శాలువా కప్పి, "కరుణాకర్ గారికి" అని చెక్కించిన జ్ఞాపిక చేతిలో పెట్టినవాళ్లూ గుర్తున్నారు. నా పేరు కరుణ. ఆ జ్ఞాపిక ఇప్పటికీ మా ఇంట్లో గోడ వైపు తిరిగే ఉంటుంది. అవన్నీ రాయాలంటే వేరే పుస్తకం కావాలి. ఇక్కడ రాసేది, ఇంత ఫిర్యాదుల మనిషిని నోరెత్తకుండా నిలబెట్టిన ఒక సంగతి. కంప్యూటర్ తెర మీద విండోలు పేరుకుపోవడం గురించి. వినడానికి ఎంతో చిన్న విషయం.

ఫోనులో ఒక మాట

ముందు ఒక మాట గురించి చెప్పాలి. నేను చేరిన కొత్తలో నా గది మూడో అంతస్తు. పేషెంట్ల వివరాలు రాసుకునే కౌంటర్ కింద. అక్కడ యాదగిరి కూర్చునేవాడు. నాది తెనాలి వైపు తెలుగు, అతనిది ఇక్కడి తెలుగు. ఒకరోజు పొద్దున్నే ఫోను, సిస్టమ్ పనిచేయడం లేదని.

"యాదగిరీ, కొత్త పేషెంటు విండో తీయండి."

"తీసిన మేడం."

"ఏం కనిపిస్తోంది?"

"ఏం కనిపిస్తలేదు."

"అసలు తీశారా?"

"తీసిన అంటున్న కద! తీయమన్నరు, తీసేసిన. ఇప్పుడు నీలం రంగొక్కటే ఉన్నది. మస్తు సాఫ్‌గ ఉన్నది మేడం."

అతను అప్పటిదాకా టైపు చేసిందంతా ఆ విండోతో పాటే పోయింది. కౌంటర్ ముందు జనం గొడవ. నేను కిందికి పరిగెత్తాను. అతని తప్పేమీ లేదు. తలుపు తీస్తే తెరుచుకుంటుంది. చొక్కా తీస్తే ఒంటి మీద నుంచి పోతుంది. మన భాషలో తీయడం అంటే రెండూ. మరి విండో తీయమంటే తలుపులా తీయాలా, చొక్కాలా తీయాలా?

సరే, మూసేటప్పుడైనా స్పష్టంగా ఉండాలని, అతని తెలుగులోనే "బంద్ చేయండి" అనడం మొదలుపెట్టాను. కాసేపటికి అతని గొంతు: "బంద్ జేసిన మేడం. లైటు సుత పోయింది." కంప్యూటర్‌నే ఆపేశాడు.

ఆ రోజే నిర్ణయించుకున్నాను. "తెరవండి", "మూసేయండి". ఈ రెండే మాటలు. "తీయండి" అన్న మాట మా సెంటర్‌లో కంప్యూటర్ దగ్గర ఎవరూ వాడకూడదు. ప్రతి తెర పక్కనా కాగితం అంటించాను. మా అడ్మినిస్ట్రేటర్ రంగారావు గారు ఒక మీటింగులో నేను లోపలికి రాగానే, "కరుణ గారొచ్చారు, ఎవరూ ఏమీ తీయకండి!" అన్నారు. అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో చెప్పగలను.

కానీ ఫోనులో ఆ పొరపాటు మళ్లీ జరగలేదు. సపోర్టు పనిలో మీరు నేర్చుకోవాల్సిన మొదటి విషయం ఇదే. ఎదుటివాడికి తెలివి లేదనుకునే ముందు, మీరు వాడిన మాటను ఒకసారి తిరగేసి చూసుకోండి.

కొబ్బరికాయ కొట్టిన రోజు

చాలా ఏళ్లకు, ఆపరేటింగ్ సిస్టమ్ మార్చాలన్నారు. పాతదానికి అప్‌డేట్లు ఆగిపోయాయి. దాని బదులు ఉచితంగా దొరికే సిస్టమ్ ఒకటి ఎంచుకున్నారు. ఆ నిర్ణయం తప్పని నేను ఇప్పుడూ అనను. మార్చిన పద్ధతి తప్పు. బయటి నుంచి మనుషుల్ని పిలిపించారు. వాళ్లు హాల్లో పెద్ద తెర మీద ఒక్క విండో తెరిచి చూపించారు. ఒక్క విండో తెరిస్తే ఏ కంప్యూటరైనా అందంగానే ఉంటుంది. కొబ్బరికాయ కొట్టారు, చప్పట్లు కొట్టారు. రంగారావు గారు అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు చెప్పారు, కాఫీ కప్పులు అందించిన క్యాంటీన్ వాళ్లతో సహా. నా పేరు రాలేదు.

మర్నాటి నుంచి అసలు పని మొదలైంది. పాత సిస్టమ్‌లో ఏ విండో తెరిచినా దాని పేరు కింద ఒక వరసలో కనిపించేది. కిందటిసారి ఎక్కడ మూశామో అది మళ్లీ అక్కడే తెరుచుకునేది. కొత్తదానిలో ఒకే రకం విండోలన్నీ ఒకే బొమ్మ వెనక దొంతరగా దాక్కుంటాయి. కొత్తగా తెరిచింది ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ వచ్చి కూర్చుంటుంది. వాటి మీద మెసేజీలు, నోటీసులు, గుర్తుచేసే గంటలు. కౌంటర్ వాళ్లు తిట్టుకుంటూ అలవాటు పడ్డారు. ఒక్కరు పడలేదు.

ఆవిడ డాక్టర్ సులోచన గారు. సెంటర్ పెట్టిన నాటి నుంచీ ఎక్స్‌రేలు చూసి రిపోర్టులు రాసేది ఆవిడే. పుట్టి పెరిగింది ఈ ఊళ్లోనే. ఎక్కువ మాట్లాడరు. నన్ను ఒక్కసారి కూడా ప్రింటర్ మేడం అనని మిగతా సగంలో ఆవిడ ఒకరు.

ఇద్దరు లక్ష్ములు

సిస్టమ్ మార్చిన కొద్దిరోజులకే ఆవిడ నుంచి ఫోను. "కరుణా, ఒకసారి వస్తవా?"

వెళ్లాను. రిపోర్టుల గది ఎప్పుడూ మసక చీకటిగానే ఉంటుంది. పెద్ద తెర మీద పక్కపక్కనే రెండు ఛాతీ ఎక్స్‌రేలు. పక్కనున్న చిన్న తెర మీద సగం టైపు చేసిన రిపోర్టు.

"ఎడమ దిక్కున్నది ఎవరిది?" అన్నారు.

"లక్ష్మి గారిదే కదా మేడం. పైన పేరుంది."

"పేరు అడుగుతలేను. కాలర్ ఎముక చూడు."

నాకు ఎముకలన్నీ ఒకేలా కనిపించాయి. ఆవిడ వేలు పెట్టి చూపించారు. ఒకచోట చిన్న గుబ్బ. "ఎన్నడో విరిగి అతికింది. కుడి దిక్కున్నది ఇవాళ తీసింది. దాంట్ల గుబ్బ ఏది? అతికిన ఎముక మళ్ల కొత్తదైతదా?"

అప్పుడు అర్థమైంది. పొద్దున ఒక లక్ష్మి వచ్చి వెళ్లింది. ఆమె పాత ఎక్స్‌రే దొంతర అడుగున తెరిచే ఉండిపోయింది. ఇప్పుడు ఇంకో లక్ష్మి. ఈమె పాత ఎక్స్‌రే కోసం డాక్టరమ్మ వెతికితే, దొంతరలోంచి మొదటి లక్ష్మిది పైకొచ్చింది.

"ఈమెకు ఊపిరితిత్తి మీద చిన్న మచ్చ ఉన్నది. పాతదాంట్ల లేదు, ఇప్పుడు కొత్తగ వచ్చింది అని రాస్తున్న. సంతకం పెడ్తే ఈమె ఇంట్ల ఇవాళ ఎవరూ అన్నం తినరు. ఈమె అసలు పాత ఫిల్ము వెతికి చూసిన, దాంట్ల కూడ ఆ మచ్చ అంతే ఉన్నది. ఏండ్ల నుంచి ఉన్న మచ్చ." రిపోర్టు మూసేశారు. "ఇవాళ ఎముక చెప్పింది కాబట్టి దొరికింది. రేపు చెప్పకపోతే? నేను ఇగ ఈ తెర మీద సంతకం పెట్టను."

రంగారావు గారికి కబురు వెళ్లింది. ఆయన నన్ను పిలిచి, "పెద్దావిడ. కొత్త సిస్టమ్ అలవాటు కావడం కష్టం. నెలాఖరుదాకా చూద్దాం. కాకపోతే ఎక్స్‌రేలు బయటి డాక్టర్లకు పంపించేద్దాం," అన్నారు.

"ఆవిడ సిస్టమ్‌కు అలవాటు పడాలా, సిస్టమ్ ఆవిడకు అలవాటు పడాలా?" అన్నాను.

"మీరు ఏదో ఒకటి అంటారని తెలుసు," అని ఆయన ఫోను ఎత్తుకున్నారు. మాట మధ్యలో ఫోను ఎత్తుకోవడం ఆయనకు అలవాటు. ఆ అలవాటుకు మాత్రం గడువు ఎవరూ పెట్టలేదు.

నేను చేసిన తెలివైన పనులు

కోపంతో చేసిన పని వేగంగా అవుతుంది, సరిగ్గా కాదు. ముందు నేను ఒక తెరను నాలుగు తెరలుగా చేశాను. కొత్త సిస్టమ్‌లో అదొక సౌకర్యం. ఒకే కంప్యూటర్‌లో నాలుగు వేర్వేరు తెరలు ఉన్నట్టు, ఒకదాన్నుంచి ఇంకోదానికి దూకవచ్చు. ఎక్స్‌రేలు ఒకదానిలో, రిపోర్టులు ఒకదానిలో, మెసేజీలు మరోదానిలో, నోటీసులు ఇంకోదానిలో. చూడ్డానికి ఎంత శుభ్రంగా ఉందో! నన్ను నేనే మెచ్చుకున్నాను.

డాక్టరమ్మ కాసేపు వాడి చూశారు. "ఇదివరకు ఒక అర్ర గలీజుగ ఉండె. నువ్వు నాలుగు అర్రలు కట్టిచ్చినవు. ఇప్పుడు ఏ అర్రల పెట్టిన్నో యాది చేసుకోవాలె." అర్ర అంటే ఆవిడ భాషలో గది.

తర్వాత విండోలు వాటంతటవే పక్కపక్కన సర్దుకునేలా చేశాను. ఒకదాని మీద ఒకటి పడే ప్రశ్నే లేదు. ఆవిడ ఒక ఊపిరితిత్తిని దగ్గరగా చూస్తుంటే, కొత్త నోటీసు ఒకటి వచ్చింది. దానికి చోటివ్వడానికి ఎక్స్‌రే చటుక్కున ఎడమకు జరిగి చిన్నదైపోయింది. ఆవిడ చెయ్యి ఉలిక్కిపడింది. "కరుణా, మనిషిని చూస్తుంటే కుర్చీ గుంజుతరా?"

అప్పటికి నాకు మార్గం కనిపించలేదు. నెలాఖరు దగ్గరపడుతోంది. ఇక అడిగాను, "మేడం, మీ వెనకాల కూర్చుని చూడవచ్చా?"

"కూసో. మాట్లాడకు."

వెనకాల కూర్చుని

ఇన్నేళ్ల ఉద్యోగంలో ఎన్ని కంప్యూటర్లు విప్పానో, ఎన్ని బిగించానో. ఒక మనిషి తెరను ఎలా చూస్తుందో అంతవరకూ ఎప్పుడూ చూడలేదు.

ఛాతీ ఎక్స్‌రే రాగానే నా కళ్లు నేరుగా ఊపిరితిత్తుల మీదికి పోయాయి. ఆవిడ తల ఆ వైపు తిరగనే లేదు. ముందు పై మూలలు, భుజాలు. తర్వాత మెడ. తర్వాత కింద పొట్ట పైభాగం. పక్కటెముకలు ఒక్కొక్కటీ, మెట్లు దిగినట్టు. అంచులన్నీ తిరిగి వచ్చాక, అన్నిటికంటే చివర ఊపిరితిత్తులు.

ఒక ఎక్స్‌రేకూ ఇంకోదానికీ మధ్య ధైర్యం చేసి అడిగాను. "డాక్టర్లందరూ ఇలాగే చూస్తారా?"

"దగ్గు అని పంపిస్తరు. అందరి కండ్లు ఊపిరితిత్తుల మీదికే పోతయి. అందుకే నేను చివరకు పోత. ఆడ ఏదన్న దొరికితే కన్ను సంబరపడ్తది. ఇంకేం చూడదు." తెర వైపు చూపిస్తూ, "ఈయనను చూడు. ఊపిరి పూర్తిగ పీల్చలేదు. భయపడ్డడు," అన్నారు.

కింద ఒక గదిలో చల్లటి పలక మీద ఛాతీ ఆనించి నిలబడిన ఎవరో మనిషి భయం, ఇక్కడ ఈ చీకటి గదిలో ఆవిడకు కనిపించింది. ఆ తెరను బిగించింది నేను, దానికి తీగ లాగింది నేను. అందులో భయం కూడా కనిపిస్తుందని నాకు తెలియదు.

ఇంకొకటి గమనించాను. ఒక పేషెంటు పని అయిపోగానే ఆవిడ కుడిచెయ్యి గాల్లోకి లేచేది. ఏదో అందుకుని కిందికి లాగబోయినట్టు. మళ్లీ ఏమీ దొరకనట్టు మౌస్ మీదికి దిగిపోయేది. ప్రతిసారీ అంతే.

"చెయ్యి ఎందుకు లేపుతున్నారు మేడం?"

ఆవిడకే తెలియదు. చెయ్యి వైపు చూసుకున్నారు. గోడ వైపు తిరిగారు.

"లైటు పెట్టె యాదికున్నదా? గోడకు ఉండేది. ఫిల్ము దాని మీద తగిలించి చూస్తుంటిమి. అయిపోంగనే ఫిల్ము గుంజితే, వెనుక తెల్ల లైటు ఒక్కటే మిగిలేది. ఏం లేకుండ. జర సేపే. కండ్లు కడుక్కున్నట్టుండేది. పోయినోళ్లు పోయిండ్రు, ఇప్పుడు ఇంకొకరు వస్తరు అని." తెర మీది దొంతర వైపు చెయ్యి చూపించారు. "ఇప్పుడు ఎవరూ పోతలేరు కరుణా. పొద్దటి సంది వచ్చినోళ్లందరూ దీని ఎనుకనే నిలబడ్డరు."

విండోలు ఎక్కువయ్యాయని ఫిర్యాదు అనుకున్నాను. ఆవిడ చెబుతున్నది మనుషుల గురించి. చూసిన ప్రతి మనిషినీ పూర్తిగా సాగనంపి, ఖాళీ అయిన కళ్లతో తర్వాతి మనిషిని పిలవడం. ఇన్నేళ్లుగా రోజంతా ఆవిడ చేస్తున్న పని అది. ఆ నడిమి ఖాళీ మాకు ఎవరికీ కనిపించలేదు కాబట్టి, దాన్ని మేము తీసుకెళ్లి చెత్తలో వేశాం.

ఖాళీ తెర

ఆ తర్వాత చేసిన పనిలో గొప్ప ఏమీ లేదు. కొత్త సిస్టమ్‌లో ఏ విండో ఎక్కడ తెరుచుకోవాలో ముందే నియమం రాసిపెట్టవచ్చు. రాశాను. పాత ఎక్స్‌రే ఎప్పుడూ ఎడమ. ఇవాళ్టిది ఎప్పుడూ కుడి. రిపోర్టు పక్కనున్న చిన్న తెర మీద. నోటీసులు, మెసేజీలు, గంటలు ఆ గదిలోకి రాకుండా ఆపేశాను. ఒక పేషెంటువి మొత్తం మూసుకుంటే తప్ప ఇంకొకరివి తెరుచుకోవు. ఆ రెంటి మధ్యా ఒక ఊపిరి తీసుకునేంతసేపు, తెర మీద ఏమీ ఉండదు.

ముందు దాన్ని తెల్లగా పెట్టాను. చీకటి గదిలో అది చెంపదెబ్బలా తగిలింది. "కండ్లు కడుక్కుంట అన్న, కారం కొట్టమనలే," అన్నారు ఆవిడ. బూడిద రంగుకు తగ్గించాను. వెన్నెలపాటి వెలుతురు. అప్పుడు తల ఊపారు.

ఇదంతా ఒక్క నొక్కుతో జరగడానికి చిన్న తెర అడుగున బటన్ ఒకటి పెట్టాను. దాని మీద స్పష్టంగా రాశాను: "ప్రస్తుత పేషెంటును మూసి తదుపరి పేషెంటును తెరువు."

"ఇది చదివేలోపట ఇద్దర్ని చూస్త," అన్నారు డాక్టరమ్మ.

"మరి ఏమని రాయమంటారు?"

"లైటు పెట్టె కాడ నేను ఏమంటుంటి? 'తియ్' అనుకుంట గుంజుతుంటి. ఉన్న ఫిల్ము పోయేది, కొత్త ఫిల్ము వచ్చేది. అదే రాయి."

తెరవడమూ తీసేయడమూ ఒకే మాట అయినందుకు ఆ మాటను సెంటర్ మొత్తం మీద బహిష్కరించినదాన్ని. దానికోసం మీటింగులో నవ్వులపాలైనదాన్ని. ఇప్పుడు నేను తయారుచేసిన బటన్ చేసే పని, ఒక్క నొక్కులో, సరిగ్గా ఆ రెండూ. దానికి తెలుగులో వేరే మాట లేదు. వెతికాను, నిజంగా వెతికాను. మనవాళ్లు ఎప్పుడో ఈ రెండు పనుల్నీ ఒక్క మాటలో ఎందుకు పెట్టారో నాకు తెలియదు. ఒకటి పోతేనే ఇంకొకటి తెరుచుకుంటుందని వాళ్లకు తెలుసేమో. నేను తప్పు అనుకున్న చోట అంత పని దాగి ఉంది.

"తీయి" అని రాశాను.

ఏదో కాగితాలివ్వడానికి పైకి వచ్చిన యాదగిరి తెర చూసి ఆగిపోయాడు. "మేడం! గిది మీరు బంద్ చేసిన మాట కద?"

"నీ పని చూసుకో యాదగిరీ."

"నొక్కితే తెరుచుకుంటదా, పోతదా?"

"రెండూ."

"అరే, నేను ఆ దినమే చెప్పిన కద!" అని కిందికి పోయి అందరికీ చెప్పాడు. దాన్ని మాత్రం నేను అవమానాల్లో కలపలేదు.

నెలాఖరు రాకముందే డాక్టరమ్మ మొదటి సంతకం పెట్టారు. నేను వెనకాలే ఉన్నాను. బటన్ నొక్కారు. రెండు ఎక్స్‌రేలూ వెళ్లిపోయాయి. బూడిద వెలుతురు ఒక్కటే ఆవిడ ముఖం మీద. గాల్లోకి లేచే ఆ కుడిచెయ్యి ఒళ్లో దిగి, అక్కడే ఉండిపోయింది. తర్వాతి మనిషి వచ్చారు. ఆవిడ పై మూలల దగ్గర మొదలుపెట్టారు. ఎక్స్‌రేలు బయటికి పంపే మాట మళ్లీ రాలేదు.

రంగారావు గారు తర్వాతి మీటింగులో ఇది "మన బయటి సాంకేతిక బృందం సహకారంతో" జరిగిందన్నారు. మినిట్స్‌లో సరిచేయమని రాసిచ్చాను. చేయలేదు. మళ్లీ రాసిచ్చాను.

కొత్తగా చేరేవాళ్లకు చెప్పేది ఇంతే. తెర మీద విండోలు ఎక్కువున్నాయని ఎవరైనా అంటే, వెంటనే సర్దడం మొదలుపెట్టకండి. వెనకాల కూర్చోండి. ఆ మనిషి దేన్ని పోనివ్వలేకపోతున్నారో చూడండి. ఫిర్యాదు చేసేవాళ్లను విసుక్కోకండి. సర్దుకుపోయే నలుగురు మీకు ఏమీ నేర్పరు. సంతకం పెట్టనని కూర్చునే ఒక్కరు నేర్పుతారు.

ఎడమ పాతది, కుడి ఇవాళ్టిది

ఈ మధ్య వదలని దగ్గు పట్టుకుని, నేనూ అక్కడికే ఎక్స్‌రేకు వెళ్లాను. కౌంటర్‌లో కొత్తమ్మాయి. "ఇంతకుముందు ఎప్పుడైనా వచ్చారా ఆంటీ?" అంది. వచ్చానన్నాను. పలక చల్లగా ఉంది. ఊపిరి పూర్తిగా పీల్చానో లేదో నాకే తెలియదు.

డాక్టరమ్మకు ఒకసారి కనిపించి వెళ్దామని పైకి వెళ్లాను. తలుపు ఓరగా ఉంది. లోపల ఆవిడే, అదే కుర్చీలో, జుట్టు ఇంకా తెల్లబడి. చూస్తున్నప్పుడు పలకరించకూడదని తెలుసు. గుమ్మం దగ్గరే ఆగాను. ఆవిడ చెయ్యి బటన్ నొక్కింది. తెర బూడిద రంగుకు మారింది.

తర్వాత నా పేరు వచ్చింది. ఎడమ వైపు, ఉద్యోగంలో ఉండగా స్టాఫ్ అందరికీ ఎక్స్‌రేలు తీసినప్పటి నా ఛాతీ. కుడి వైపు, ఇవాళ్టిది. కరుణాకర్ కాదు. కరుణ.

ఆవిడ వెనక్కి తిరగలేదు. పై మూలల దగ్గర మొదలుపెట్టారు. నా భుజాలు. నా మెడ. నా పక్కటెముకలు, ఒక్కొక్క మెట్టే దిగుతూ. ఆ తెర మీద ఇంకెవరూ లేరు. దాని వెనక కూడా ఎవరూ నిలబడి లేరు. ఆ సంగతి ఆ భవనంలో నాకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. నన్ను ఇంత తీరిగ్గా, ఇంత పూర్తిగా చూసినవాళ్లు ఉన్నారా అని వెతుక్కుంటే ఎవరూ గుర్తుకు రాలేదు. నాకు అన్నీ గుర్తుంటాయి.

చివరన ఊపిరితిత్తుల దగ్గరికి వచ్చారు. ఎడమకు చూశారు, కుడికి చూశారు, మళ్లీ ఎడమకు.

"కొత్తగ ఏం లేదు," అని తనలో తానే అనుకుని, రిపోర్టు రాసి సంతకం పెట్టారు. అప్పటికీ వెనక్కి తిరగకుండానే, "భయపడ్డవు కరుణా, ఊపిరి సగమే పీల్చినవు," అన్నారు.

బటన్ నొక్కారు. నేను వెళ్లిపోయాను. తెర ఖాళీ అయింది.